ఉప్పలపాడు పక్షులు: ముక్కు చూసి తిండి చెప్పొచ్చా?

గుంటూరు నుంచి పట్టుమని పది కిలోమీటర్లు కూడా ఉండదు ఉప్పలపాడు. పెదకాకాని మండలంలోని ఈ చిన్న ఊరి చెరువులో, చలికాలం వచ్చిందంటే తుమ్మచెట్ల మీద ఖాళీ కొమ్మ దొరకదు. గూడబాతులు (పెలికాన్‌లు), ఎర్రకాళ్ల కొంగలు, ఓపెన్‌బిల్ కొంగలు, నల్లతల ఐబిస్‌లు, నీటికాకులు, తెల్లకొంగలు అన్నీ అక్కడే. రెట్టల కంపు, పిల్లల గోల, పక్కగూటి పుల్లల దొంగతనాలు, వాటి మీద తగాదాలు. ఆదివారం పిల్లల్ని తీసుకుని వచ్చే గుంటూరు, విజయవాడ కుటుంబాలు గట్టు మీద నిలబడి మామూలుగా అడిగే ప్రశ్న ఒకటుంది: ఇంత చిన్న చెరువులో ఇన్ని పక్షులకు చేపలు ఎలా సరిపోతున్నాయి?

సరిపోవు. సరిపోవాల్సిన అవసరం కూడా లేదు. ఈ పక్షులు ఆ చెరువుకు వచ్చేది తిండి కోసం కాదు, గూళ్ల కోసం. చుట్టూ నీళ్లుంటే పిల్లులు, కుక్కలు, నక్కలు గూటి దాకా రావడం కష్టం. తిండి అంతా బయటే: వరి పొలాలు, కాలువలు, మురుగు డ్రెయిన్లు, చేపల చెరువులు. తెల్లారితే బయల్దేరి వెళ్లి, గొంతు నిండా నింపుకొచ్చి, గూట్లో కక్కి పిల్లలకు పెడతాయి. అంటే కృష్ణా డెల్టాలో చాలా దూరం వరకు ఉన్న నీటిచెలమల సత్తువంతా రెట్టల రూపంలో ఈ ఒక్క చెరువులోకి చేరుతోంది. చెరువు పచ్చగా మారడానికి సగం కారణం అదే.

గట్టు మీద వినిపించే రెండో మాట ఇంకాస్త తెలివైనది, అందుకే దాన్ని సరిచేయడం ఇంకాస్త కష్టం. ఏ పక్షి ఏం తింటుందో దాని ముక్కే చెబుతుంది అనేది ఆ మాట. స్కూలు పుస్తకాల్లో ముక్కుల బొమ్మలన్నీ వరసగా వేసి, ఎదురుగా తిండి పేర్లు రాసి జతపరచమంటారు. ఇందులో నిజం లేకపోలేదు. గింజలు కొరికే పిచ్చుక ముక్కుతో గద్ద కోడిపిల్లను చీల్చలేదు. కానీ ముక్కు ఆకారం ఎంత వింతగా ఉంటే అంత సులువుగా మనకో కథ తట్టేస్తుంది. ఆ కథ నమ్మశక్యంగా ఉందంటే ఇక ఎవరూ వెళ్లి చూడరు. ఉప్పలపాడు పక్షుల్లో ఒకదాని విషయంలో సరిగ్గా ఇదే జరిగింది, అదీ సామాన్యుల చేతిలో కాదు.

ఓపెన్‌బిల్ కొంగ మిగతా వాటి పక్కన అంత అందంగా కనిపించదు. మాసిన తెలుపు ఒళ్లు, నల్లటి రెక్కల అంచులు. కానీ ముక్కు దగ్గర చూపు ఆగిపోతుంది. మొదట్లో, చివర్లో కలిసే పైముక్కు, కిందిముక్కు మధ్యలో మాత్రం కలవవు. నోరు మూసుకుని ఉన్నా ఆ సందులోంచి అవతలి ఆకాశం కనిపిస్తుంది. దీని ముఖ్యమైన తిండి నత్తలు. మన వరి మడుల్లో, కుంటల్లో కనిపించే, గోధుమరంగు గుల్ల, దానికి గట్టి మూత ఉండే పెద్ద నత్తలంటే మరీ ఇష్టం.

ముక్కులో సందు, తిండేమో గుండ్రటి గుల్ల. రెంటినీ పక్కపక్కన పెడితే ఎవరికైనా తట్టేది ఒకటే: పోకచెక్కను అడకత్తెరలో పెట్టినట్టు గుల్లను ఆ సందులో ఇరికించి పటుక్కున పగలగొడుతుంది. జూలియన్ హక్స్‌లీకి కూడా అదే తట్టింది. యునెస్కో మొదటి డైరెక్టర్ జనరల్‌గా పనిచేసిన బ్రిటిష్ జీవశాస్త్రవేత్త ఆయన, పక్షుల ప్రవర్తన మీద మంచి పరిశోధనలు చేసిన మనిషి. దాచిపెట్టిన నమూనాలను, అంతకుముందు వాళ్లు రాసిన వాటిని పరిశీలించి 1960లో ఒక పెద్ద వ్యాసం రాశారు. ఆ ముక్కు అంచులు గరుకుగా, పీచులు లేచినట్టు ఉంటాయి. గుల్లలు పగలగొట్టీ పగలగొట్టీ అరిగిపోయి అలా అయ్యాయని ఆయన వాదన. సందుకు, గరుకుదనానికి రెంటికీ ఒకే దెబ్బతో కారణం దొరికింది. వాదన చూస్తే ఎంతో పకడ్బందీగా ఉంది.

నిజానికి దీనికి దాదాపు వందేళ్ల ముందే ఒక ఆధారం పుస్తకంలో పడి ఉంది. దాన్ని రాసిన థామస్ జెర్డన్ 1840ల్లో నెల్లూరులో సివిల్ సర్జన్. పక్షుల పేర్లు, అలవాట్లు తెలుసుకోవడానికి ఆయన యానాదుల సాయం తీసుకునేవాడు. నీళ్లలో, బురదలో బతుకు వెతుక్కునే వాళ్లకంటే ఈ సంగతులు బాగా తెలిసినవాళ్లు ఆ రోజుల్లో ఎవరుంటారు? ఈ కొంగ కళ్లకు గంతలు కట్టినా నత్తను పట్టి తినగలుగుతోందని జెర్డన్ రాసిపెట్టాడు. అంటే పని మొత్తం ముక్కు కొనతో, తాకిడితో నడుస్తోంది. గుల్లను సందులో సర్దుకుని పగలగొట్టే పక్షి చేసే పనిలా అది లేదు.

అసలు చిక్కేమిటంటే, ఈ కొంగ ముఖ్యమైన పనంతా నీళ్లలో మునిగి ఉన్న ముక్కుతోనే చేస్తుంది. గట్టు మీద నిలబడ్డ మనిషికి తల, సగం మెడ మునిగి ఉండటం, కాసేపటికి ముక్కులో మెత్తటి ముద్దతో పైకి లేవడం, ఈ రెండే కనిపిస్తాయి. మధ్యలో ఏం జరిగిందో ఊహించుకోవాల్సిందే. ఆ ఖాళీలోకే అడకత్తెర కథ దూరింది.

ఫిలిప్ కాల్ అనే అమెరికా పరిశోధకుడు ఓపెన్‌బిల్ కొంగల తిండి మీద 1971లో ప్రచురించిన అధ్యయనంతో ఈ ఊహ కూలిపోయింది. కొంగ ముక్కు కొనలను కొద్దిగా తెరిచి, లోతులేని నీళ్లలో గబగబా పైకీ కిందికీ పొడుస్తూ పోతుంది. నత్త తగిలితే పైముక్కుతో గుల్లను నేలకు అదిమి పట్టి, కత్తిలా సన్నగా ఉండే కిందిముక్కు కొనను మూత పక్కనుంచి లోపలికి దూరుస్తుంది. నత్త ఒంటిని గుల్లకు పట్టి ఉంచే కండ ఒకటుంది. అది తెగితే నత్త పట్టు వదిలేస్తుంది. ఒళ్లు బయటికొస్తుంది, గుల్ల దాదాపు చెక్కుచెదరకుండా నీళ్లలోనే ఉండిపోతుంది. చిన్న నత్తలైతే ఇంత శ్రమ లేదు, గుల్లతో సహా మింగేయడమో, నలిపేయడమో చేస్తుంది.

అడకత్తెర వాదానికి ఇంతకంటే గట్టి దెబ్బ పిల్లల నుంచి తగిలింది. పుట్టినప్పుడు ఓపెన్‌బిల్ కొంగ ముక్కులో సందే ఉండదు. మామూలు కొంగ ముక్కులా తిన్నగా ఉంటుంది. వయసు పెరిగేకొద్దీ సందు ఏర్పడుతుంది. అయినా సందు లేని కుర్ర కొంగలు నత్తల్ని పట్టి తినేస్తున్నాయి. పనికి పనిముట్టు తప్పనిసరి అయితే, పనిముట్టు రాకముందే పని ఎలా జరుగుతుంది? ఈ ఒక్క ప్రశ్న హక్స్‌లీ వ్యాసానికి ముందే ఎవరైనా వేసి ఉంటే అంత చర్చ నడిచేది కాదు. అందుకు పెద్ద పరికరాలేమీ అక్కర్లేదు, గూళ్లున్న చెట్టు కింద కొన్నాళ్లు నిలబడే ఓపిక ఉంటే చాలు.

ముక్కు అంచుల గరుకుదనం కూడా అరుగుదల కాదని తర్వాతి పరిశీలనలు చెబుతున్నాయి. జారిపోయే గట్టి గుల్లను పట్టుకోవడానికి ఆ పీచులు పనికొస్తాయి. మరి సందు ఎందుకు? మధ్యలో ఎడం ఉండటం వల్ల ముక్కు కొనలు గుల్లను ఎక్కువ కోణంలో తాకుతాయని, దాంతో కొన దగ్గర పట్టు బలం పెరుగుతుందని ఒక ప్రతిపాదన ఉంది. కుర్ర కొంగల ఆధారంతో దీనికి పేచీ లేదు, ఎందుకంటే ఇది సందును పనికి సాయపడేదిగా మాత్రమే చూస్తోంది, అది లేనిదే పని జరగదనడం లేదు. ఇంకో సంగతి: పెద్ద కొంగల్లో కిందిముక్కు కొన తరచుగా కుడివైపుకు కొద్దిగా వంగి ఉంటుంది. అవి తినే నత్తల గుల్ల కూడా కుడివైపుకే చుట్టుకుని ఉంటుంది. మళ్లీ ఒక అందమైన కథ తయారవుతోంది, జాగ్రత్త పడాల్సింది ఇలాంటి చోటే.

ఎర్రకాళ్ల కొంగ సంగతి దీనికి తిరగబడి ఉంటుంది. పుస్తకాల్లో పెయింటెడ్ స్టార్క్ అనే ఈ కొంగ ముక్కులో వింతేమీ లేదు. పొడుగ్గా, పసుపురంగులో, చివర కొంచెం కిందికి వంగి ఉంటుంది. గులాబీ ఈకలు చూసి అందరూ ఫొటోలు తీస్తారు, ముక్కును ఎవరూ పట్టించుకోరు. కానీ అసలు అద్భుతం అక్కడే ఉంది.

ఈ కొంగ చేపను చూసి పట్టదు. సగం తెరిచిన ముక్కును నీళ్లలో ముంచి అటూ ఇటూ ఊపుతూ నడుస్తుంది. కాలితో బురదను కెలుకుతుంది, దాక్కున్న చిన్న చేపలు కదులుతాయి. వాటిలో ఒకటి ముక్కు లోపలి అంచుకు తగిలిందా, అంతే, ముక్కు మూసుకుపోతుంది. ఎంత వేగంగా అనేది దీని అమెరికా దాయాది అయిన వుడ్ స్టార్క్‌లో కొలిచారు. ఫిలిప్ కాల్, పీకాక్ అనే ఇద్దరు 1963లో ప్రచురించిన ఆ ప్రయోగంలో, చేప తాకిన క్షణం నుంచి ముక్కు మూసుకోవడానికి పట్టిన సమయం సెకనులో నలభయ్యో వంతు. మనిషి రెప్ప వాల్చి ఎత్తడానికి కనీసం సెకనులో పదో వంతు పడుతుంది. అంటే రెప్పపాటులో పావు వంతులో పని అయిపోయింది. వెన్నెముక ఉన్న జంతువుల్లో ఇంత వేగం చాలా అరుదు. కళ్లు మూసేసినా ఆ కొంగ చేపల్ని పట్టగలిగింది. కృష్ణా కాలువల్లో కొత్తనీరు వచ్చినప్పుడు చెయ్యి పెడితే వేళ్లు కనపడవు. అలాంటి నీళ్లలో చూపును నమ్ముకున్న పక్షి పస్తుండాలి, దీనికి మాత్రం పెద్ద తేడా తెలియదు.

ఈ పద్ధతికో ఖరీదు ఉంది. తాకితేనే దొరుకుతుంది కాబట్టి, తాకడానికి తగినన్ని చేపలు దగ్గర దగ్గరగా ఉండాలి. విశాలమైన చెరువులో చెదురుమదురుగా వెయ్యి చేపలున్నా దీనికి దండగే, ఎండిపోతున్న గుంటలో కిక్కిరిసిన వంద చేపలు పండగ. అమెరికాలోని ఫ్లోరిడాలో వుడ్ స్టార్క్ గూళ్లు పెట్టడం నీళ్లు తగ్గుముఖం పట్టడంతో ముడిపడి ఉండటాన్ని కాల్ గమనించాడు. మన ఎర్రకాళ్ల కొంగలది కూడా వానల తర్వాతి కాలమే. ఢిల్లీ వైపు ఆగస్టు మధ్యలో గూళ్లు మొదలైతే, దక్షిణాన అక్టోబరు ప్రాంతంలో మొదలై ఫిబ్రవరి దాకా, ఒక్కోసారి ఏప్రిల్ దాకా సాగుతాయి. డెల్టాలో ఆ నెలల్లో ఏం జరుగుతుందో రైతులకు చెప్పక్కర్లేదు. సార్వా వరి పండి మళ్లలో నీళ్లు తీస్తారు, కోతలవుతాయి, మినుము మొలుస్తుంది, బోదెల్లో గుంటలు మిగులుతాయి, వాటిలో చేపపిల్లలు చిక్కుకుంటాయి. గూట్లో పిల్లల ఆకలి పెరిగే రోజులూ, గుంటల్లో చేపలు కుక్కుకుపోయే రోజులూ కలిసొస్తాయి. పక్షుల రాకను చలికాలంతో ముడిపెట్టి చెప్పడం అలవాటే గానీ, చలికి దీంతో పెద్ద సంబంధం లేదు. ముక్కు పనిచేసే తీరుకు, నీటిమట్టానికి ఉన్న సంబంధమిది. ప్రకాశం బ్యారేజీ దగ్గర కాలువలకు నీళ్లు ఎప్పుడు వదిలారు, ఎప్పుడు కట్టారు అనేది కొంగల పిల్లల బతుకులోకి కూడా వస్తుందన్నమాట.

తెల్లకొంగల దారి వేరు, అవి కంటినే నమ్ముకుంటాయి. కంటికి నీళ్లతో ఒక పేచీ ఉంది. వక్రీభవనం వల్ల నీళ్లలోని చేప ఉన్నచోట కాకుండా కాస్త పైన కనిపిస్తుంది. కనిపించిన చోట పొడిస్తే ముక్కుకు నీళ్లే తగులుతాయి. ఇజ్రాయెల్‌లో రీఫ్ హెరాన్ అనే కొంగ మీద 1987లో వచ్చిన పరిశోధన ప్రకారం, పొడిచే ముందు కొంగ తలను తగిన ఎత్తుకూ కోణానికీ తెచ్చుకుని ఆ తేడాను సరిచేసుకుంటోంది. మెడలో ఆరో వెన్నుపూస పొడవుగా ఉండి, మెడ మడత పడి, బాణంలా దూసుకుపోవడానికి వీలవుతుంది. ఇక ఇదే కుటుంబంలో పశువుల వెంట తిరిగే తెల్లకొంగను చూడండి. ముక్కు కాస్త పొట్టిది, అంతే, ఆకారంలో చెప్పుకోదగ్గ తేడా లేదు. కానీ దాని తిండి ఎక్కువగా మిడతలు, పురుగులు. గేదె అడుగు తీసి అడుగు వేస్తే గడ్డిలోంచి మిడతలు ఎగురుతాయి, అది పట్టుకుంటుంది. గేదెలు తగ్గి ట్రాక్టర్లు వచ్చాక ట్రాక్టరు వెనక నడుస్తోంది. దమ్ము చేసే ట్రాక్టరు వెనక వరస కట్టిన తెల్లకొంగలు డెల్టాలో ఎవరికీ కొత్త కాదు. ముక్కు చూసి తిండి రాయమన్న స్కూలు పేపర్లో ఈ రెండు కొంగలకూ ఒకే జవాబు రాసినవాడికి మార్కులు వేయాలా వద్దా?

ఐబిస్ గురించి ఒక్క మాట. కొడవలిలా వంగిన దాని ముక్కు బురదలో గుచ్చడానికని ఎవరికైనా తెలుస్తుంది. పైకి కనిపించనిది ముక్కు కొన ఎముకలో ఉంది. అక్కడ సన్నటి గుంటలు, వాటిలో కంపనాలను పసిగట్టే నరాల కొసలు ఉన్నాయని 2010లో ఒక అధ్యయనం చూపింది. బురదలో పురుగు కదిలితే తాకకుండానే తెలిసే ఏర్పాటు కావచ్చు అది. వంపు కంటికి కనిపించింది కాబట్టి అందరూ వంపు గురించే మాట్లాడారు.

గూడబాతు దగ్గరికొస్తే పాత నమ్మకం ఇంకా బలంగా ఉంది: గొంతు కింది సంచిలో చేపలు దాచుకుని పిల్లలకు మోసుకొస్తుందని. సంచి ఉంది కాబట్టి దాచుకోవడానికే అనుకోవడం సహజం. నిజానికి అది వల. నీళ్లలో ముంచగానే కిందిముక్కు ఎముకలు విల్లులా బయటికి వంగి సంచి నోరు వెడల్పవుతుంది. చేపా నీళ్లూ కలిసి లోపలికొస్తాయి. అమెరికాలోని బ్రౌన్ పెలికాన్ సంచిలో దాదాపు 10 లీటర్ల నీళ్లు పడతాయి. అంత బరువుతో ఏ పక్షీ ఎగరలేదు, అందుకే ముక్కు కిందికి వంచి నీళ్లు వంపేసి, చేపను అక్కడికక్కడే మింగేస్తుంది. పిల్లలకు తెచ్చేది కడుపులోంచి. పిల్లలు తల్లి గొంతులోకి తలంతా దూర్చి తింటుంటే, సంచిలోంచి తింటున్నాయని దూరం నుంచి చూసినవాళ్లకు అనిపించడంలో ఆశ్చర్యం లేదు. ఎండాకాలంలో ఆ సంచికి ఇంకో ఉద్యోగం కూడా పడుతుంది. నోరు తెరిచి సంచిని వేగంగా అదరగొడుతూ ఒంటి వేడిని బయటికి పంపేస్తుంది. గుంటూరు ఎండల్లో ఈ పని చేపలు పట్టడం కంటే తక్కువేమీ కాదు. ఎర్రకాళ్ల కొంగలకు సంచి లేదు కాబట్టి అవి తమ కాళ్ల మీదే రెట్ట వేసుకుంటాయి, తడి ఆరేటప్పుడు ఒళ్లు చల్లబడుతుంది. ఏప్రిల్, మే నెలల్లో ఎర్రటి కాళ్లు సున్నం పూసినట్టు కనిపించేది అందుకే, జబ్బు చేసి కాదు.

అదే బ్రౌన్ పెలికాన్ చేపను చూసి పై నుంచి నీళ్లలోకి దూకుతుంది. మన గూడబాతుకు ఆ అలవాటు లేదు, నీళ్ల మీద తేలుతూ ఒంటరిగానో గుంపుగానో వల వేస్తుంది. ముక్కూ సంచీ దాదాపు ఒకటే, వేట పద్ధతి వేరు. కాబట్టి ముక్కు ఏం చేయగలదో ఆకారం చెప్పొచ్చు, ఏం చేస్తోందో మాత్రం పొలం గట్టు మీదే తేలాలి.

ఇదంతా పండితుల గొడవలా అనిపించవచ్చు గానీ, చేపల చెరువుల రైతులకు దీంతో డబ్బు సంబంధం ఉంది. కొంగ కనిపిస్తే టపాసు పేల్చడం, చెరువు మీద తీగలు లాగడం అలవాటైపోయింది. నిజానికి నిండుగా నీళ్లున్న చెరువులో ఎర్రకాళ్ల కొంగ చేయగలిగింది దాదాపు ఏమీ లేదు. మీటరు ఎత్తు పక్షి, నిలబడి ముక్కు ఆడించి బతికేది, నడుము లోతు దాటిన నీళ్లలో ఎక్కడ నిలబడుతుంది? గట్టు వాలులో, పల్చటి అంచుల్లో మాత్రమే దాని ఆట సాగుతుంది. లోతు నీళ్లలో చేపను తీసుకుపోగలిగేవి తేలే గూడబాతు, మునిగే నీటికాకి. పట్టుబడి అయ్యి నీళ్లు తోడేసిన చెరువులో కొంగల గుంపు దిగితే అవి ఏరుకునేది ఎక్కువగా వలకు చిక్కని చిన్న చేపలు, బురదలో మిగిలిన పరిగె. పిల్ల చేపల్ని పెంచే నర్సరీ చెరువులు మాత్రం లోతు తక్కువ, చేపలు ఒత్తుగా ఉంటాయి. ఎర్రకాళ్ల కొంగ ముక్కుకు సరిగ్గా కావాల్సిన ఏర్పాటే అది. ఖర్చు పెట్టి వల కప్పాల్సింది ఏదైనా ఉంటే ముందు దానికి.

ఓపెన్‌బిల్ కొంగను ఆ జాబితాలో చేర్చడమే అన్యాయం. దాని తిండిలో చేపల వాటా తక్కువ. నత్తలు, ఆ తర్వాత పీతలు, కప్పలు, పెద్ద పురుగులు. థాయిలాండ్‌లో దక్షిణ అమెరికా నుంచి వచ్చిపడిన గోల్డెన్ యాపిల్ నత్త లేత వరిని నాశనం చేస్తుంటే, దాన్ని తింటూ ఈ కొంగలు అక్కడ పెరిగాయి. ముక్కుకు కొత్త నత్త, పాత నత్త అని తేడా లేదు, గుల్లకు మూత, లోపల కండ ఉంటే చాలు. డెల్టా వరి మడి గట్టున చెక్కుచెదరని ఖాళీ గుల్లలు కుప్పగా కనిపిస్తే, పగులు ఉందా లేదా అని ఒకటి తీసి చూసి, ఆ తర్వాత టపాసు సంగతి ఆలోచించవచ్చు.